టు-లెట్ బోర్డు కంటే ముందు గోడకు ఏడు రోజుల తడి

ఈ ఛానల్‌కు మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న ఒకటుంది. "కిరాయిదారు ఖాళీ చేశాక గోడకు గిలాబు చేయించాం. ఏడాది తిరక్కుండానే పెచ్చులు ఊడుతున్నాయి. సిమెంటు నకిలీదంటారా?"

చాలా ఇళ్లలో తప్పు బస్తాది కాదు, నీళ్లది. మాలు కలిపేటప్పుడు అవసరానికి మించి పోస్తారు. పోయాల్సిన రోజుల్లో మానేస్తారు. ఈ వీడియోలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: కలిపేటప్పుడు పొదుపు, గట్టిపడ్డాక ధారాళం.

ముందు గ్రేడు సంగతి. షాపులో "53 గ్రేడే బలం" అని అంటగడతారు. ఆ సిమెంటుతో చేసిన దిమ్మ 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 53 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలన్నది ఆ అంకె అర్థం. పిల్లర్లకూ స్లాబులకూ సరే, పడగ్గది గోడ గిలాబుకు అంత బలంతో పనేముంది? పైగా అది తొందరగా వేడెక్కుతుంది, సన్నటి పగుళ్లు తెచ్చిపెడుతుంది. ఫ్లై యాష్ కలిసిన పీపీసీ ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఏ కంపెనీదైనా బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. మూడు నెలలు దాటినది వద్దు.

ఇక నీళ్లు. సిమెంటు గట్టిపడే రసాయన చర్యకు కావలసింది దాని బరువులో సుమారు నాలుగో వంతు నీరు. మాలు తాపీకి లొంగడానికి ఇంకొంత కావాలి, నిజమే. అంతకు మించి పోసిన నీరు ఆవిరై, పోతూ పోతూ లోపల సన్నటి రంధ్రాలు వదిలిపోతుంది. వాన నీరు దూరేది వాటిలోంచే. మధ్యాహ్న భోజనమయ్యాక బిగుసుకున్న మాలులో మళ్లీ నీళ్లు పోసి కలపడం ఇంకా నష్టం. గంటలో వాడగలిగినంతే కలపాలి.

గిలాబు చేసిన మర్నాటి నుంచి లెక్క తిరగబడుతుంది. కనీసం ఏడు రోజులు గోడ తడిగా ఉండాలి. ఖాళీ ఇంట్లో రోజూ నీళ్లు కొట్టేవారుండరు, ఓనర్‌కేమో నెల అద్దె పోతుందన్న ఆత్రం. దాంతో మూడో రోజే పుట్టీ, ఐదో రోజుకు రంగు వేయించేస్తారు.

అన్నిటికంటే హాని చేసే సలహా ఇంకొకటి: చెమ్మ గోడ మీద సిమెంటు పాలు పూస్తే లీకేజీ ఆగిపోతుందనడం. ఆగదు. పునాది నుంచి పైకెక్కే తేమ లవణాలను మోసుకొస్తుంది. అవి తెల్లగా పూసి పైపొరను నెట్టేస్తాయి. తడి ఎక్కడిదో ముందు తేల్చాలి. అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు వదిలెయ్యాలి. చుక్కలు గోడవైపు పడితే తడి గోడలోదే. గదివైపు పడితే గాలిలోది, కిటికీలు తెరవాలి. పైపు కారుతుంటే ప్లంబర్ పని పూర్తయ్యాకే మేస్త్రీని పిలవాలి.

అతుకు పనిలో వదులు గిలాబును ఇటుక దాకా గీకెయ్యాలి. ఇటుకల సందులు లోతుగా దులిపి, కడిగి, తడిపి, ఆ తరువాతే మాలు కొట్టాలి. పిల్లరు, ఇటుక గోడ కలిసేచోట చికెన్ మెష్ లేకపోతే పగులు మళ్లీ వస్తుంది. వాల్ పుట్టీ ఒకటి రెండు మిల్లీమీటర్ల నునుపు కోసమే, గుంతలు పూడ్చడానికి కాదు. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి పనివాళ్లకు రబ్బరు గ్లౌజులు ఇవ్వాలి.

మళ్లీ చెబుతున్నాం: కలిపేటప్పుడు పొదుపు, గట్టిపడ్డాక ధారాళం. ఓనర్లూ, కొత్తవారిని దింపడం ఒక వారం ఆలస్యమైనా ఫరవాలేదు, గోడను తడపండి. అద్దెకు దిగేవారూ, అడ్వాన్స్ ఇచ్చే ముందు బాత్రూం వెనక గోడను వేలితో తట్టి చూడండి. బోలుగా మోగితే గీకించి, మళ్లీ గిలాబు చేయించమని అడగండి.