కాలు నేలపై మోపే వేళ

(ట్రస్టు సేవకుల సమావేశంలో ఒక విశ్రాంత నర్సింగ్ పర్యవేక్షకురాలు చేసిన ప్రసంగ పాఠం)



నేను 30 సంవత్సరాలకు పైగా ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేశాను. ప్రాణం నిలుపుకోవడానికి వచ్చిన మనిషి అక్కడే జారిపడి కొత్త గాయం పాలైతే అంతకు మించిన బాధ మరొకటి ఉండదు. ఆ బాధకు ఒకసారి నేనే కారణమయ్యాను.

ఒక రాత్రి తీవ్రమైన ఆయాసంతో ఒక వృద్ధుని తీసుకువచ్చారు. ఊపిరితిత్తులలో చేరిన నీరు తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చాము. "తాతగారూ, మంచం దిగకండి" అని చెప్పి, ఇరువైపులా కమ్మీలు పైకెత్తి, మరొక రోగి వద్దకు వెళ్లాను. కుమారుడు బిల్లు కట్టడానికి వెళ్లారు. ఇరవై నిమిషాలకే పెద్ద శబ్దం వినవచ్చింది. తాతగారు కమ్మీలు దాటబోయి, అంత ఎత్తు నుండి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడుతున్నందున శస్త్రచికిత్స కూడా ఆలస్యమైంది. ఆయాసం రెండు రోజులలో తగ్గింది. ఆయన మాత్రం మరల తన కాళ్లపై నడవలేదు.

'చెప్పినా వినక దిగారు' అని ఆనాడు రికార్డులో వ్రాశాను. అది అబద్ధం కాదు. అయితే ఆ ఇంజెక్షన్ పడిన అరగంటలోపే మూత్రం ఆగకుండా వస్తుందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు. పాత్రను చేతికి అందేలా ఉంచలేదు. మరునాడు ఎందుకు పిలవలేదని అడిగితే, "ఆడపిల్లవు, నిన్నెలా అడగనమ్మా?" అన్నారు.

నాటి నుండి "దిగకండి" అనడం మాని, "ఇప్పుడు వెళ్లవలసి ఉందా?" అని నేనే ముందుగా అడగసాగాను. నేను చూసిన పతనాలలో అధికభాగం మరుగుదొడ్డి దారిలోనివే. పడుకున్నవారు ఒక్కసారిగా లేస్తే మూడు నిమిషాలలోపు రక్తపోటు 20 పాయింట్లు, అంతకు మించి కూడా పడిపోవచ్చు. అందుచేత కాళ్లు వేలాడవేసి కొంతసేపు కూర్చోబెట్టాలి. 1989లో జానిస్ మోర్స్ బృందం ప్రచురించిన కొలమానంలో, ఇటీవల పడి ఉంటే 25 మార్కులు, సెలైన్ ఎక్కుతుంటే 20. మార్కులు పెరిగినకొద్దీ ముప్పు అధికం. సెలైన్ స్టాండును స్తంభమనుకుని ఊతంగా పట్టుకునేవారిని ఎందరినో చూశాను. దాని అడుగున చక్రాలుంటాయి!

రోగి వెంట వెళ్లేవారికి ఒక విన్నపం. గతంలో పడిన సంగతి, వాడుతున్న మాత్రలు, రాత్రివేళ కలవరించే అలవాటు నర్సుకు మీరే చెప్పండి. టీ కోసం వెళ్లినా చెప్పి వెళ్లండి. పెద్దవారి కళ్లజోడు ఇంట్లో మరచిరాకండి.

క్యూలో సొమ్మసిల్లిన వృద్ధులను ప్రథమ చికిత్సా కేంద్రానికి చేర్చే సేవకులకూ ఇదే వర్తిస్తుంది. ఉపవాసంతో ఉన్నవారు తేరుకున్నామంటూ వెంటనే లేచి నిలబడబోతారు. చేయి వదలకండి.

దాతలు చక్రాల కుర్చీలను సమర్పిస్తున్నారు, సంతోషం. కొనేముందు ఒకరిని కూర్చోబెట్టి, బ్రేకు వేసి, నెట్టి చూడండి. పాదాలుంచే పలకలు పైకి మడవగలగాలి. దిగేటప్పుడు వాటిపై బరువు మోపితే కుర్చీ ముందుకు బోల్తాపడుతుంది. ఈ సభ ముగిశాక ఇక్కడి కుర్చీలన్నింటినీ కలిసి పరీక్షిద్దాం, రండి.