పాట ఎవరిది, పేరు ఎవరిది? వంగపండు జీవితం ముందు కొన్ని ప్రశ్నలు

(ఉత్తరాంధ్ర మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట్లాడమని నాకిచ్చిన అంశం వంగపండు ప్రసాదరావు జీవితం, పాట. మహిళా సంఘాల సమావేశంలో ఈ అంశం ఎందుకని కొందరికి అనుమానం రావచ్చు. ఆయన స్త్రీల సమస్యల మీద ప్రత్యేకంగా పనిచేసినవాడు కాదు. కానీ ఈ ప్రాంతంలో మనం ఏ సభ పెట్టినా, ఏ ఊరేగింపు తీసినా ఆయన పాటో, ఆయన బాణీలో కట్టిన పాటో వినపడకపోవడం అరుదు. మనం పాడుకునే పాటను కట్టినవాడి జీవితం మనకు తెలియాలి. దానితోబాటు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. తానే పాట కట్టి, తానే పాడి, ఆ పాట మీద తన పేరు నిలుపుకున్న మగవాళ్లు ఈ నేల మీద గరిమెళ్ల సత్యనారాయణ నుంచి వంగపండు దాకా వరసగా కనిపిస్తారు. ఆడవాళ్ల పేర్లు ఎందుకు కనిపించవు? పాట వాళ్ల దగ్గర లేకనా?

ముందు ఆయన జీవితం చూద్దాం.

వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు విశాఖపట్నం జిల్లాలో ఉంది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 1979లో విజయనగరం జిల్లాలోకి, ఆయన పోయాక 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. ఒకే ఊరు నాలుగు జిల్లాలు మారింది. భూమి, కూలి, అటవీ హక్కుల ప్రశ్నలు మాత్రం ఆ ఊరి చుట్టూ అలాగే ఉన్నాయి.

ఆయన యవ్వనం శ్రీకాకుళ గిరిజన పోరాట కాలంతో కలిసి నడిచింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో జరిగే గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. అప్పటికి వంగపండు వయసు ఇరవై నాలుగు. అదే కాలంలో ఉద్దానం ప్రాంతపు బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పోరాట కథగా మార్చి ఊరూరా చెప్పాడు. గుడిలో పూజారిగా ఉన్న మనిషి, పల్లె జనం కళారూపాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వంగపండు పాటకు ముందు ఈ దారి ఒకటి పడి ఉంది.

వంగపండు విశాఖపట్నం షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. యంత్రాన్ని నడిపించే కార్మికుల శ్రమ గురించి ఆయన కట్టిన ప్రసిద్ధమైన పాట వెనక ఆ అనుభవం ఉంది. 1972లో జననాట్యమండలి ఏర్పడినప్పుడు గద్దర్, బి. నర్సింగరావులతో పాటు ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. భూమి సమస్య మీద ఆయన కూర్చిన 'భూమి భాగోతం' ఎన్నో వేదికలెక్కింది. మూడు వందలకు పైగా పాటలు కట్టారు. 1986లో వచ్చిన 'అర్ధరాత్రి స్వతంత్రం' సినిమాకు పాటలిచ్చారు, నటించారు కూడా. 2017లో రాష్ట్ర ప్రభుత్వం కళారత్న పురస్కారం ఇచ్చింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు.

ఇక పాట సంగతి. ఆయన పాట విన్న వెంటనే మనల్ని పట్టుకునేది భాష. 'ఏటి', 'నాను', 'గుంట', 'ఓలమ్మ' అనే మన మాటలు అంతకు ముందు నాటకాల్లో, సినిమాల్లో నవ్వించడానికి పనికొచ్చేవి. పనిమనిషి పాత్రకో, అమాయకుడి పాత్రకో ఆ యాస పెట్టేవారు. వంగపండు ఆ మాటలతోనే భూమి గురించీ, రాజ్యం గురించీ, శ్రమ గురించీ మాట్లాడారు. ఈ ప్రాంతపు శ్రామిక స్త్రీ రోజూ మాట్లాడే మాట, సిగ్గుపడనక్కరలేని మాటగా వేదిక మీద నిలబడింది. ఇది చిన్న విషయం కాదు.

ఆయనకు అన్నిటికంటే పేరు తెచ్చిన పాట 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. పిల్లా పిల్లడూ ఒకరినొకరు పిలుచుకునే సరసపు పాట అచ్చులో పోరాట ప్రాంతానికి పిలుపు ఉంది. ఈ అచ్చు ఎక్కడిది? నాట్లలో, కోతల్లో, జాతరల్లో ఒక వరస అంటే మరో వరస బదులిచ్చే పాటలది. ఆ పాటల్లో సగం గొంతు ఆడవాళ్లది. ఇంకో మాట కూడా గమనించాలి. 'ఎల్దమా' అన్నది ఇద్దరూ కలిసి నడిచే మాట. అందులో ఆడపిల్ల ఇంటి దగ్గర ఉండి హారతి ఇచ్చి సాగనంపే మనిషి కాదు, తోడు నడిచే మనిషి. 2009లో 'మగధీర' సినిమాలో ఇదే పల్లవి నాయికానాయకుల హుషారు పాటలోకి వచ్చింది. ఎక్కడికి వెళ్దామన్న సంగతి పోయింది, పిలుపు మిగిలింది. బజారు పాటను ఎలా తీసుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

అయితే ఇదే నియమాన్ని కొంచెం వెనక్కి జరిపి చూడాలి. సినిమా వంగపండు దగ్గర నుంచి తీసుకుంది. వంగపండు జనం దగ్గర నుంచి తీసుకున్నారు. ఆ జనంలో ఆడవాళ్లు ఎంతమంది? వాళ్ల పేర్లేమిటి?

ఇందులో ఆయనను తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. తన పాట జనం పాట అని చెప్పుకునే కవి నిజాయితీనే చూపిస్తాడు. నేను మాట్లాడుతున్నది 'జనం', 'జానపదం' అనే మాటల గురించి. ఉడుపు పాట, దంపుడు పాట, జోల పాట, అప్పగింతల పాట, చావింటి శోకం ఇవన్నీ ప్రధానంగా ఆడవాళ్ల చేతిలో పెరిగినవి. పాడే మనిషి పాత బాణీలో ఆ రోజు సంగతి కలుపుతుంది. మేస్త్రీ కొలత మోసం, అత్త మాట, తాగొచ్చిన మొగుడు, ఎండిన చెరువు అన్నీ అప్పటికప్పుడు పాటలోకి వస్తాయి. దీన్ని మరో చోట చూస్తే 'ఆశుకవిత్వం' అంటాం. పొలంలో చూస్తే 'జానపదం' అంటాం. పుస్తకంలోకి ఎక్కేటప్పుడు సేకరించినవారి పేరు అట్ట మీదికి వస్తుంది. పాడిన మనిషి ఊరి పేరైనా చాలాసార్లు మిగలదు.

వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఒక వ్యాసంలో తెలుగు స్త్రీల రామాయణపు పాటలను పరిశీలించారు. రాముడి పరాక్రమం పక్కకు జరిగి సీత కష్టం, శాంత అధికారం, ఊర్మిళ నిద్ర ఆ పాటల్లో ముందుకొస్తాయి. అంటే ఆడవాళ్లు ఉన్న కథను వల్లించి ఊరుకోలేదు, తమ చోటు నుంచి తిరిగి కట్టారు. కట్టినవాళ్లను కర్తలు అనడానికి మనకు అభ్యంతరం ఏమిటి?

'వాగ్గేయకారుడు' అనే మాట నోటికి సులువుగా వస్తుంది. దానికి స్త్రీలింగం చెప్పమంటే ఆగి ఆలోచిస్తాం. తాళ్లపాక తిమ్మక్కనూ తరిగొండ వెంగమాంబనూ చెప్పుకుని, ఆ తర్వాత వెతుక్కుంటాం. విజయనగరమే తీసుకోండి. 1919లో ఇక్కడ మహారాజా సంగీత కళాశాల పెట్టారు. మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసు. తాను రాసుకున్న హరికథను తానే పాడి, తానే ఆడిన మనిషి. ఆ కళాశాలలోనే చదువుకున్న పి. సుశీల అదే ఊళ్లో 1935లో పుట్టారు. ఆమె పాడిన 17,695 పాటలను 2016లో గిన్నిస్ వారు లెక్కలోకి తీసుకున్నారు. అంత గొప్ప గొంతు. కానీ ఆ గొంతులో వినిపించే మాటలు దాదాపు అన్నీ మగవాళ్లు రాసినవి. ఆడదాని విరహం, తల్లితనం, పాతివ్రత్యం అన్నీ మగవాడు రాస్తే ఆమె పాడింది. ఇది ఆమె ఎంపికల ప్రశ్న అనుకోకండి. మన సినిమా పరిశ్రమలో శ్రమ విభజన అలా ఉంది: అతను రాస్తాడు, ఆమె పాడుతుంది.

అంతకు ముందు తరాల్లో నలుగురిలో పాడే ఆడవాళ్లు ఈ ప్రాంతంలో లేరా? ఉన్నారు. కన్యాశుల్కంలో గురజాడ చూపించిన మధురవాణి లోకం కల్పన కాదు. కళావంతుల స్త్రీలకు సంగీతం, సాహిత్యం, అభినయం వృత్తి విద్యలు. సంస్కరణ ఉద్యమం, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం ఆ వ్యవస్థలోని దోపిడీని ఆపడానికి వచ్చాయి. దోపిడీ ఆగాలి, అందులో సందేహం లేదు. కానీ వృత్తి పోయినప్పుడు ఆ విద్యకు వేరే గౌరవమైన చోటు ఎవరూ చూపించలేదు. మచ్చ మాత్రం నిలిచిపోయింది. రాత్రిపూట వీధిలో కాలికి గజ్జె కట్టిన మగవాడు కళాకారుడు. ఆడమనిషి అయితే ఆమెకు వేసే పేరు మీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ వంగపండు జీవితాన్ని మళ్లీ చూడండి. ఊరూరా తిరగగలగడం, రాత్రి తెల్లవార్లూ ప్రదర్శన, పరాయి ఊళ్లో పడక, ఇల్లు, పిల్లలు, వంట గురించి ఎవరో ఒకరు చూసుకుంటారన్న ధైర్యం. ఇవి లేకుండా ప్రజా గాయకుడి జీవితం లేదు. ప్రతిభ కంటే ముందు ఈ వెసులుబాటు కావాలి. అది స్త్రీకి దొరికిందా?

ఒక స్త్రీకి కొంతకాలం దొరికింది. కొండపల్లి కోటేశ్వరమ్మ. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. బాల వితంతువు. కమ్యూనిస్టు ఉద్యమంలో కొండపల్లి సీతారామయ్యను పెళ్లి చేసుకున్నారు. ప్రజానాట్యమండలి వేదికల మీద పాడారు. మోటూరి ఉదయం వంటివారు బుర్రకథ దళాలు నడిపిన కాలం అది. ఆమె పాడారు, పాటలు రాశారు, అజ్ఞాతంలో గడిపారు. తర్వాత భర్త ఆమెను విడిచిపెట్టాడు. చదువు తిరిగి మొదలుపెట్టి, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా ఉద్యోగం చేసి బతికారు. చివరి కాలం విశాఖపట్నంలో గడిపి 2018లో నూరేళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' అచ్చయింది 2012లో. అంటే తొంభై దాటాక గానీ ఆమె జీవితం ఆమె మాటల్లో పుస్తకంగా రాలేదు. చాలామంది ఆమెను పాటలు కట్టిన మనిషిగా కంటే ఫలానా నాయకుడి భార్యగానే తలుచుకున్నారు.

పంచాది నిర్మల సంగతీ అంతే. 1969 మే నెలలో ఆమె భర్త పంచాది కృష్ణమూర్తిని పోలీసులు కాల్చి చంపారు. ఆ డిసెంబరు 22న పాణిగ్రాహితో పాటు నిర్మలనూ చంపారు. పాణిగ్రాహి పాట మనకు మిగిలింది. నిర్మల మాట ఎంత మిగిలింది? తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. ఈ కొండల్లో, ఈ ఉద్దానంలో ఆ పనికి చేయవలసింది ఇంకా చాలా ఉంది. ఆ తరం స్త్రీలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

బయటి లోకంలో ఈ చిక్కును ఎదుర్కొన్న ఇద్దరిని చెబుతాను. చిలీ దేశపు వియొలేతా పార్రా 1950లలో పల్లెలు తిరిగి ముసలివాళ్ల దగ్గర పాటలు నేర్చుకుంది, ఆ పునాది మీద తన పాటలు కట్టింది. ఫ్రాన్సుకు చెందిన ఆన్ సిల్వెస్త్ర్ 1957లో తన పాటలతో పారిస్ వేదికలెక్కింది. గర్భస్రావానికి 1975లో అక్కడ చట్టం అనుమతి ఇవ్వకముందే ఆ విషయం మీద పాట రాసింది. 1973లో సొంత రికార్డు సంస్థ పెట్టుకుంది. తన పాట ఏ రూపంలో బయటికి వెళ్లాలో ఆమె చేతిలోనే ఉంచుకుంది. పేరు, పైసా, నిర్ణయం మూడూ కలిసి ఉంటేనే పాట మీద హక్కు అని ఆమెకు తెలుసు.

మన దగ్గర చట్టం ఏమంటుంది? 1957 కాపీరైటు చట్టం ప్రకారం కొత్తగా కట్టిన పాట మీద హక్కు కట్టిన మనిషిది. రిజిస్టరు చేయించుకోకపోయినా హక్కు ఉంటుంది. బతికినన్నాళ్లూ, ఆ తర్వాత అరవై ఏళ్లూ ఉంటుంది. 1994 సవరణ పాడేవారికి, ఆడేవారికి ప్రదర్శకుల హక్కు ఇచ్చింది. 2012 సవరణ దాన్ని బలపరిచింది. ప్రదర్శకురాలిగా తన పేరు చెప్పమని అడిగే హక్కు 38బి సెక్షన్లో ఉంది. తరాల నుంచి వస్తున్న పాటకు కర్త ఎవరో తేలకపోవచ్చు. కానీ దాన్ని ఈ రోజు పాడిన మనిషికి తన ప్రదర్శన మీద హక్కు ఉంది. మన కార్యకర్తల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

చివరిగా మన ఇంటి సంగతి. సంఘాలమూ, స్వచ్ఛంద సంస్థలమూ శిక్షణా తరగతుల్లో గ్రామ స్త్రీల చేత పాడిస్తాం. ఫోనులో రికార్డు చేస్తాం. నివేదికలో 'గ్రామీణ మహిళలు పాడిన పాట' అని రాస్తాం. వీడియో తీసి నిధులిచ్చేవారికి పంపుతాం. ఉపన్యాసం ఇచ్చినవారికి దారి ఖర్చులు, గౌరవ వేతనం ఉంటాయి. పాడిన ఆమెకు భోజనం పెట్టి, చప్పట్లు కొట్టి పంపిస్తాం. ఆమె ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చింది. కూలి రేట్ల మీద పోరాడే మనం, పాట కూడా పని అని ఒప్పుకోవడానికి ఎందుకు వెనకాడుతున్నాం?

అందుకని ఈ సమావేశం ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ఇకనుంచి మనం రికార్డు చేసే ప్రతి పాటకూ పాడిన స్త్రీ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ చరణం తాను కలిపిందో రాసుకోవాలి. పేరు బయటపెడితే ఇబ్బంది అని ఆమె అంటే ఆ మాటా గౌరవించాలి. రెండు, ఆమె అనుమతి లేనిదే రికార్డును బయటికి పంపకూడదు. మూడు, పాడినందుకు కనీసం ఆ రోజు కూలికి తగ్గకుండా డబ్బు ఇవ్వాలి, బడ్జెట్లో దానికి పద్దు ఉండాలి. నాలుగు, పాత తరం స్త్రీల జీవిత కథలూ పాటలూ కలిపి సేకరించే పనికి ప్రతి మండలంలో ఇద్దరు కార్యకర్తలను కేటాయించాలి.

ఈ ప్రాంతపు భాషకూ బాణీకీ గౌరవం తెచ్చిన మనిషిగా వంగపండు మనకు ఎప్పుడూ ముఖ్యుడే. ఆయన పాటలు పాడదాం, ఆయన పేరు చెప్పే పాడదాం. అదే మర్యాద ఉడుపు మడిలో పాట ఎత్తే మనిషికీ దక్కాలి. ఆమె పేరేమిటని అడగడంతో మన పని మొదలవుతుంది. నా మాటలు ఇంతటితో ఆపుతాను. ప్రతిపాదనల మీద మీరు చర్చించాలి.