శాకప్రధానాహారం – మన పిల్లల ఆరోగ్యం

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

75 సంవత్సరాల పండుగనాడు భాషను గూర్చి, పూర్వ విద్యార్థుల విజయాలను గూర్చి మాట్లాడటం సంప్రదాయం. ఆ పనిని నాకన్నా సమర్థులైన పెద్దలు నిర్వహిస్తున్నారు. నేను మాత్రం అన్నం పళ్ళెం గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాను. బొగ్గు గనులలోను, బల్లార్పూరు కాగితపు మిల్లులోను పని వెతుక్కుంటూ కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల నుండి ఈ చంద్రపూరు గడ్డకు వచ్చిన మన పెద్దలు భాషతోపాటు తమ వంటింటిని కూడా వెంట తెచ్చుకున్నారు. జొన్న గటక, అంబలి, పప్పుచారు, గోంగూర, పచ్చిపులుసు ఆ వంటింటి సంపద. భాషను నిలుపుకొనేందుకు ఈ పాఠశాలను కట్టుకున్నాము. ఆ వంటింటిని నిలుపుకొనేందుకు ఏమి చేస్తున్నామో ఆలోచించుకోవలసిన సమయం వచ్చింది.

ఉదయం ప్రార్థన ముగిసేలోగా కళ్ళు తిరిగి కూర్చుండిపోయే బాలికలను మేము తరచు చూస్తుంటాము. గోళ్ళు పాలిపోయి ఉంటాయి. మధ్యాహ్నానికి పాఠంమీద దృష్టి నిలువదు. ఇది మన ఊరికే పరిమితమైన సమస్య కాదు. 2019–21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 19 ఏళ్ళ బాలికలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇక పెద్దల సంగతి చూస్తే, భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. ఒకే ఇంట్లో కూతురికి రక్తం చాలదు, తండ్రికి రక్తంలో చక్కెర ఎక్కువ. ఈ రెండింటికీ కారణాలు అనేకం ఉండవచ్చును గాని, ఆ రెండు దారులూ కలిసే చోటు మాత్రం మన పళ్ళెమే.

“టీచరుగారూ, మేము వారానికొకసారి తప్ప మాంసం ముట్టము, తినేదంతా శాకమే కదా” అని కొందరు తల్లులు అంటారు. నిజమే. కాని తెల్లని అన్నం గుట్టగా పోసి, అంచున కాస్త పచ్చడి వేసుకొని, పైన చక్కెర టీ త్రాగితే అది శాకాహారమే అవుతుంది గాని సమతులాహారం కానేరదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర ఇందుకొక నిదర్శనం. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం ఒకే ఒక గదిలో మొదలైన ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో నేటి పేరు పొందినది. బెరిబెరికి ప్రధాన కారణం బియ్యాన్ని తెల్లగా మరపట్టి తవుడును పారవేయడం. అంటే బియ్యం మొక్కనుండి వచ్చినదే అయినా, అందులోని సారాన్ని మనమే తీసివేస్తున్నామన్నమాట.

అదే సంస్థ 2024లో భారతీయుల కోసం 17 ఆహార సూత్రాలను ప్రకటించినది. మనకు కావలసిన శక్తిలో ధాన్యాలనుండి వచ్చేది 45 శాతం మించరాదన్నది. వాస్తవంలో అది 50 నుండి 70 శాతం వరకు ఉంటున్నదని కూడ చెప్పినది. పెద్దలకు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని సూచించినది. దేశంలోని వ్యాధిభారంలో 56.4 శాతం సరికాని ఆహారంవల్లనే అని అంచనా వేసినది. కావున శాకప్రధానాహారం అంటే కేవలం మాంసం తగ్గించడం కాదు. అన్నం కొంత తగ్గించి, ఆ ఖాళీలో పప్పులు, ఆకుకూరలు, కాయలు, పండ్లు, వేరుశనగ, నువ్వులు నింపడం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఎవరినీ మాంసం మానమని ఆజ్ఞాపించేందుకు నేను ఈ వేదిక ఎక్కలేదు. తినే తిండినిబట్టి మనిషిని చిన్నచూపు చూడటం ఈ పాఠశాలలో ఎన్నడూ జరుగరాదు. చేప, గ్రుడ్డు పేదపిల్లలకు మేలైన మాంసకృత్తులనిస్తాయి. అయితే ఉప్పుపెట్టి, పొగబెట్టి, రసాయనాలు కలిపి నిలువచేసిన మాంసం క్యాన్సరుకు కారణమవుతున్నదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించినది. ఆదివారం వండుకొనే కూర ఒక సంగతి. అనుదినం ప్యాకెట్లలో కొనేది మరొక సంగతి.

ఆకుకూర విలువను లోకానికి చాటిన కథలో మన తెలుగువాడు ఉన్నాడు. 1930 ప్రాంతంలో ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయిలో గర్భవతులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంతో అది నయమవుతుందని కనుగొన్నది. ఆ సారంలోని గుణం ఏమిటో తేలడానికి మరికొన్నేళ్ళు పట్టినది. 1941లో పాలకూరనుండి వేరుచేసిన ఆ పదార్థానికి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆ వ్యాధికి ఉపయోగపడే మందును ఆయనే లోకానికి అందించారు.

ఉత్సాహంతో హద్దు మీరడం కూడ తగదు. మన పొరుగు జిల్లా వార్ధాలోని సేవాగ్రామంలో 1936నుండి నివసించిన గాంధీజీ జీవితమంతా ఆహారంపై ప్రయోగాలు చేశారు. 1912లో పాలు మానివేసిన ఆయన కూడ 1918 నాటి తీవ్రమైన అస్వస్థత తరువాత మేకపాలు స్వీకరించవలసి వచ్చినది. బి12 విటమిను మొక్కలలో సహజంగా దొరకదు. కావున మాంసం తిననివారు పాలు, పెరుగు మానరాదు. అవి కూడ తీసుకోనివారు వైద్యుని సలహాపై బి12 మాత్రలు వాడవలసిందే.

మరొక హెచ్చరిక మన విదర్భ నేలనుండే వచ్చినది. ఇక్కడ లాఖోడి అని, తెలుగులో లంకపప్పు అని పిలిచే గింజ కరువుకు కూడ తట్టుకొని పండుతుంది. నెలల తరబడి అదే ప్రధానాహారమైన పేదల కాళ్ళు చచ్చుబడిపోయేవి. 1961లో దాని విక్రయాన్ని దేశంలో నిషేధించారు. తరువాత మన రాష్ట్రంలో ఆ నిషేధం తొలగినది. 1964లో రావు, అడిగ, శర్మ అనే భారతీయ శాస్త్రవేత్తలు ఆ గింజలోని నాడీవిషాన్ని వేరుచేసి చూపారు. ఎంత మంచి మొక్క అయినా ఒక్కదానిమీదనే బ్రతకరాదని దీనివల్ల గ్రహించాలి.

ఇక ఆచరణకు వద్దాము. వారంలో మూడు పూటలు అన్నానికి బదులు జొన్నరొట్టె గాని, గటక గాని చేయండి. మన గోంగూరనే మరాఠీ సోదరులు అంబాడీ అంటారు. బజారులో ఆ పేరుతో అడిగితే దొరుకుతుంది. తోటకూర, మెంతికూర, మునగాకు పప్పుతో కలిపి వండి, దించిన తరువాత నిమ్మరసం పిండండి. ఆ పులుపు ఆకులోని ఇనుము ఒంటికి పట్టేందుకు తోడ్పడుతుంది. టీ దానికి అడ్డుపడుతుంది గనుక భోజనానికి గంట ముందు, గంట తరువాత త్రాగవద్దు. మధుమేహానికి మందులు వాడేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడిగిన తరువాతనే ఆహారం మార్చాలి. రక్తహీనత ఉన్న బాలికలు ఆకుకూరతోపాటు బడిలో ఇచ్చే ఇనుము మాత్రలను కూడ మానకూడదు.

చివరిగా తండ్రులకు, అత్తలకు నా ప్రత్యేక విన్నపం. మన ఇళ్ళలో కూర ముందు మగవారికి, తరువాత కొడుకులకు వడ్డిస్తారు. తల్లి, కూతురు కూర్చునేసరికి గిన్నెలో అడుగున పులుసు, కుండలో అన్నం మిగులుతాయి. ఎన్ని సూత్రాలు చదివినా ఈ వరుస మారనంతకాలం ఆ బాలిక గోళ్ళు ఎర్రబడవు. నేడే ఇంటికి వెళ్ళి అందరూ కలిసి కూర్చోండి, కూరను సమానంగా పంచండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మధ్యాహ్న భోజన పథకం ప్రాథమిక తరగతుల పిల్లవానికి 50 గ్రాములు, పై తరగతులవానికి 75 గ్రాముల కూరగాయలు నిర్ణయించినది. మిగిలినది ఇంటినుండి రావాలి. కొంత మన ఆవరణనుండి కూడ రావచ్చును. ఈ ఉత్సవ జ్ఞాపకంగా తొలకరి చినుకులు పడగానే ప్రహరీ వెంట మునగ మొక్కలు, మడులలో గోంగూర, తోటకూర వేయాలని ఉపాధ్యాయులము నిశ్చయించాము. విత్తనాలు, ఒక పూట శ్రమ మీనుండి కోరుతున్నాము. తొలి కోత ఆకు తొలుతగా బాలికల పళ్ళెంలోకే వెళ్ళాలని నా కోరిక.