పరిశీలన పుస్తకం ఎవరి చేతిలో?



సార్టింగు బల్ల పక్కన స్టాప్‌వాచీతో నిలిచే అధికారిని మనమెరుగుదుము. పని మనది, పరిశోధన ఆయనది. (ఆ రోజు మన చేతులూ మామూలుగా ఆడవనుకోండి.) ఉపాధ్యాయుల స్థితీ ఇంతే. బోధించేవారే తమ బోధనను పరిశోధించాలని 1953లో అమెరికాలో స్టీఫెన్ కోరీ, 1975లో ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ గ్రంథాలు వ్రాశారు.

ఒక ఉపాధ్యాయురాలు తన ప్రశ్నలకు ఎవరెవరు జవాబిస్తున్నారో వారం రోజులు వ్రాసుకుంటుంది. వెనుక బెంచీలవారు నోరు విప్పడం లేదని తేలుతుంది. ప్రశ్న వేశాక కొంత ఆగి చూస్తుంది, మళ్లీ లెక్కిస్తుంది. క్రియాత్మక పరిశోధన అంటే ఇదే. అయితే ఆ పుస్తకం తనిఖీ అధికారి చేతికి చేరి ఇంక్రిమెంటుకు అడ్డుపడితే, మరునాటి నుండి అందులో నిజం ఉండదు. దానిపై హక్కు ఉపాధ్యాయులదేనని మన రైల్వే పాఠశాలల్లోనే మొదట అడుగుదాం.