అంగడివారి బిళ్ళలు



వర్తకధర్మమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ధర్మమను శబ్దము పెద్దది. భోజనానంతరము వినువారికి నిద్ర తెచ్చునది. కావున నేను చిల్లరను గూర్చి మాత్రము ముచ్చటించెదను.

మన సారపాక గోదావరి కీవలి యొడ్డు, భద్రాచలము ఆవలి యొడ్డు. 1860లో భద్రాచల ప్రాంతము నిజాము ప్రభువులనుండి ఆంగ్లేయుల పాలనకు బోయినది. 1948 వరకు నదికి రెండు దరులను రెండు ప్రభుత్వములు, రెండు నాణెములు. ఇచ్చట హాలీ సిక్కా, అచ్చట కల్దారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు సుమారు మారకము. రూపాయలలో చిక్కు లేదు, చిక్కంతయు చిల్లరలోనే. ఆ లెక్కను ఒక హాలీ అణాకు కల్దారు పైలు పదియు, మరియొక పైలో ఏడింట రెండు వంతులును రావలెను. ఆ రెండు వంతులకు నాణెమేది? నావ దిగి కర్పూరము కొనబోవు యాత్రికుడు హాలీ అణా యిచ్చినచో ఆ వంతు అంగడి గల్లాలోనే నిలుచును. ఒక్కనియెడ నది యెంచదగినది కాదు. శ్రీరామనవమినాటి జనమును దలచిన నెంచదగినదే యగును.

ఇట్టి చిక్కు మూడున్నర శతాబ్దముల క్రిందట ఇంగ్లండులోను గలిగెను. అచ్చట పౌనుకు 960 ఫార్దింగులు. అంత చిన్న విలువకు వెండి నాణెము వేసిన వ్రేళ్లకు జిక్కదు. 1613లో జేమ్సు రాజు రాగి ఫార్దింగులు వేయు హక్కును ఒక ప్రభువున కొసగెను. ఆ నాణెములు తేలికవై జనులకు రోత పుట్టించెను. 1644లో పార్లమెంటు వానిని మాన్పెను. పిదప 1648 మొదలు 1672 వరకు ఊరూర అంగడివారే ఇత్తడితోను రాగితోను బిళ్ళలు వేయించుకొనిరి. ఒక ప్రక్క పేరును ఊరును. రెండవ ప్రక్క వృత్తిచిహ్నమో వెలయో. పెక్కింటిపై మూడక్షరములు గలవు: మీద ఇంటిపేరిది, క్రింద భర్తది, భార్యది. మన అంగళ్ల పేరుబల్లలపై కుమారులు కనబడుదురు గాని ఇల్లాలు కనబడదు!

బిళ్ళలోని లోహము ముద్రించిన వెలకు తక్కువ; మిగిలినది అంగడివాని లాభము. అయినను జనులేల గైకొనిరి? వేయించినవాడు మరల గైకొనునను నమ్మకముచేత. అది లోహముపై వ్రాసిన ఋణపత్రము, మన హుండీకి చెల్లెలు. దోషమును గలదు. ఊరు దాటిన నది చెల్లుట కష్టము. అంగడివాడు దివాలా తీసిన, దానిని చేతబట్టుకొన్న పేదవాడు మునుగును. 1672లో రెండవ చార్లెసు రాజముద్రతో రాగి నాణెములు వెలువరించి ఈ బిళ్ళలను నిషేధించెను.

మన కౌటిల్యుడు రాగి నాణెములను మాషకమునుండి అర్ధకాకణి వరకు విధించెను. అర్ధకాకణితో కొనువాని నాతడు మరువలేదు. వర్తకసంఘములు నాణెములు వేయుటయు మన దేశమునకు క్రొత్త గాదు. తక్షశిలలో దొరకిన కొన్నింటిపై «నెగమ» యని యున్నది. అవి వర్తకశ్రేణులవని పలువురు పండితుల తలపు. ఆ శబ్దమే మన భట్టిప్రోలు ధాతుపేటిక శాసనములలోను గలదు.

1957లో దశాంశ నాణెములు వచ్చినవి. అణాకు ఆరుంబావు నయాపైసలు! మరల ఆ భిన్నమే. 2011 జూన్ 30తో పావలాయు, అంతకు దిగువ నాణెములును చెల్లకపోయినవి. ఇప్పుడు రూపాయి చిల్లర లేదని మన యంగళ్లలో పెక్కుచోట్ల పిప్పరమెంటు బిళ్ళ చేతబెట్టుచున్నారు. ఇదియు బిళ్ళయే. కాని మరునాడు దానిని దెచ్చి ఉప్పునకు చెల్లించబోయిన మనలో నెవరు గైకొందురు? ఆంగ్లేయుడు తన పేరు ముద్రించెను గనుక మరల గైకొనవలసివచ్చెను. మన బిళ్ళపై పేరు లేదు, మాట లేదు. ఫోనుతో చెల్లించువారికి ఈ బాధ తప్పినది. అడవిపల్లెనుండి చింతపండు, ఇప్పపూవు తెచ్చి అమ్ముకొని చేతిలోని నోటుతో సరకు కొనువానికి తప్పలేదు. అడుగ సిగ్గుపడి పోవువాడును అతడే.

నేడు సొంత నాణెములు వేయుటకు చట్టము సమ్మతింపదు. చిట్టాలో జమ వ్రాయుటకు అడ్డములేదు. కావున సభవారికి నా మనవి యిది: చిల్లర లేనినాడు ఆ రూపాయి కొనువాని పేర జమ కావలెను, అతడు మరల వచ్చినపుడు అడుగకమునుపే తగ్గింపవలెను. ఈ మాటను తీర్మానములలో జేర్చుడు. పిప్పరమెంట్లు కావలసిన పిల్లలకు ఊరక యిండు.