అబెర్డీన్‌లో 'అబెర్' ఏంటి? ఇన్వెర్నెస్‌లో 'ఇన్వెర్' ఏంటి?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతా. ఆ తప్పు నాదే.

వీడియోల్లోకి రాకముందు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేసేవాణ్ణి కదా. బీటెక్ అయిపోయి చేరిన కొత్తలో నాకిచ్చిన పని, బ్రిటన్‌లో ఉన్న ఒక క్లయింట్ దగ్గరి అడ్రస్‌లన్నీ క్లీన్ చేయడం. డూప్లికేట్లు తీసేయాలి, స్పెల్లింగ్ తప్పులు పట్టుకోవాలి. నేనొక స్క్రిప్ట్ రాశా. ఊరి పేరు మా లిస్ట్‌లో లేకపోతే దానికి ఎర్ర రంగు కొట్టి 'ఇన్‌వాలిడ్' అని పక్కన పడేస్తుంది. రన్ చేశాక చూస్తే వరసగా ఎరుపే. అబెర్‌టావె, అబెర్‌టెయ్‌వి, అబెర్‌గ్వైన్, అబెర్‌హోన్ది... "ఎవరో కీబోర్డ్ మీద తల పెట్టి పడుకున్నట్టున్నారు" అని టీమ్‌లో జోక్ కూడా వేశా.

రివ్యూ కాల్‌లో క్లయింట్ వైపు నుంచి ఒకావిడ స్క్రీన్ చూసి, "అది స్పెల్లింగ్ మిస్టేక్ కాదండీ, మా ఊరి పేరు" అన్నారు. చాలా మామూలుగా అన్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. అబెర్‌టావె అంటే స్వాన్సీ. మ్యాప్‌లో మనం చూసేది ఇంగ్లీష్ పేరు, వాళ్లింట్లో పలికేది వెల్ష్ పేరు. మన పెద్దవాళ్లు 'బెజవాడ' అని రాస్తే ఏదో ఫారం 'అలాంటి ఊరు లేదు' అన్నదనుకోండి, ఎలా ఉంటుంది? నేను చేసింది అదే.

ఫిక్స్ చేస్తూ కూర్చున్నప్పుడు ఒక డౌటొచ్చింది. ఎర్ర రంగు పడ్డ వాటిలో ఇన్ని పేర్లు 'అబెర్'తోనే ఎందుకు మొదలవుతున్నాయి? ఆ డౌట్ నన్ను చాలా దూరం తీసుకెళ్లింది. చివరికి మన వంటింటి దాకా తీసుకొచ్చింది. ఎలాగో చెప్తా, ఆగండి.

ముందు సింపుల్ ఆన్సర్. వెల్ష్ భాషలో 'అబెర్' అంటే నది ముఖద్వారం, నది వెళ్లి సముద్రంలో కలిసే చోటు. టావె నది కలిసే చోట ఉన్న ఊరు అబెర్‌టావె. టెయ్‌వి నది కలిసే చోట అబెర్‌టెయ్‌వి, ఇంగ్లీష్‌లో కార్డిగన్. ఇంకో విషయం, సముద్రమే ఉండాలని రూల్ లేదు. అబెర్‌గవెన్నీ అనే ఊరు సముద్రానికి దూరంగా లోపల ఉంటుంది. అక్కడ గవెన్నీ అనే చిన్న ఏరు అస్క్ నదిలో కలుస్తుంది. చిన్న నీళ్లు పెద్ద నీళ్లలో కలిస్తే చాలు, అది అబెర్.

ఇప్పుడు స్కాట్లాండ్ వెళ్దాం. లాక్ నెస్ మాన్‌స్టర్ పేరు విననివాళ్లుండరు. ఆ నెస్ సరస్సులోంచి నెస్ అనే నది బయటికొచ్చి సముద్రంలో కలుస్తుంది. అక్కడున్న సిటీ ఇన్వెర్నెస్. 'ఇన్వెర్' అంటే కూడా ముఖద్వారమే. ఇది గేలిక్ భాష మాట. ఐర్లాండ్‌లో ఐరిష్, స్కాట్లాండ్‌లో గేలిక్ ఒక గుంపు. వెల్ష్, కార్నిష్, ఫ్రాన్స్ పడమటి కొసన మాట్లాడే బ్రెటన్ ఇంకో గుంపు. రెండు గుంపులూ కెల్టిక్ కుటుంబమే, అన్నదమ్ముల పిల్లల్లాగా. గేలిక్ వైపు ఇన్వెర్, వెల్ష్ వైపు అబెర్.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది.

ఇంగ్లీష్‌వాళ్లు నది చివర చూసి 'మౌత్' అన్నారు. ప్లిమత్ పేరులో ఉన్నది ఆ మౌతే. మనం ముఖద్వారం అంటాం, అందులో ముఖం ఉంది. అంటే నదికి నోరో మొహమో ఉందనుకున్నాం. అబెర్, ఇన్వెర్ మాటల్లో నోరూ లేదు, మొహమూ లేదు. రెండిటిలోనూ ఉన్నది 'బెర్' అనే ధాతువు. దాని అర్థం మోయడం. ఇన్వెర్ పాత రూపంలో ముందున్న ముక్కకి 'లోపలికి' అని అర్థం. లోపలికి మోసుకెళ్లేది ఇన్వెర్. అబెర్‌లో ముందున్న ముక్క 'వైపు' అని కొందరు పండితులు, 'బయటికి' అని కొందరు అంటారు. మోత మాత్రం ఇద్దరికీ కామనే. నది నీళ్లని మోసుకొచ్చి దించే చోటు అన్నమాట.

ఆ బెర్ కెల్టిక్ వాళ్ల సొంతం కూడా కాదు. భాషా శాస్త్రవేత్తలు ఇండో యూరోపియన్ అని పిలిచే పాత కుటుంబం మొత్తానిదీ. ఇంగ్లీష్‌లో భరించడాన్ని 'బేర్' అంటారు కదా, అది ఇదే. లాటిన్‌లో 'ఫెర్' అయింది. మీరు ఫోన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ చేసినా, ఫ్రెండ్‌కి రిఫరల్ కోడ్ పంపినా అందులో ఉన్నది ఆ ఫెర్. సంస్కృతంలో ఇది 'భృ'. అక్కణ్ణుంచి మన తెలుగులోకి భారం వచ్చింది, భరించడం వచ్చింది, భర్త వచ్చాడు. భర్త అంటే భరించేవాడు. ఇంట్లో ఎవరు ఎవర్ని భరిస్తున్నారో ఆ డిస్కషన్ ఇక్కడొద్దు.

తెలుగు మూలానికి ద్రావిడ భాషే, కాబట్టి ఈ మాటలు మనకి సంస్కృతం దారిలో వచ్చినవి. అయినా ఇన్వెర్నెస్‌లోని 'వెర్', కరెంట్ బిల్లు భారంలోని 'భార్' ఒక తల్లి పిల్లలు. నిజంగా చుట్టాలే. ఏదో సౌండ్ కలిసిందని చెప్తున్నది కాదు. సంస్కృతంలో 'భ' ఉన్నచోట కెల్టిక్‌లో 'బ', లాటిన్‌లో మాట మొదట 'ఫ' రావడం వరసగా చాలా మాటల్లో జరిగింది. సంస్కృతం భ్రాత, ఐరిష్ బ్రాహిర్, లాటిన్ ఫ్రాతెర్. మూడూ అన్నదమ్ముణ్ణి చెప్పే మాటలే. సేమ్ లెక్క.

స్కూల్లో ఉపసర్గలు చదువుకున్నాం, గుర్తుందా? ఆహారం, విహారం, ప్రహారం, సంహారం. వెనకాల 'హార' అదే, ముందు ముక్క మారితే అర్థం మారిపోతుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఫంక్షన్ ఒకటే, ఇచ్చే ఇన్‌పుట్ వేరు. కెల్ట్‌లు నదులకి చేసింది ఇదే. 'లోపలికి' పెడితే ఇన్వెర్. మరి 'కలిపి' అనే ముక్క పెడితే? రెండు నదులు నీళ్లని ఒక్కచోటికి మోసుకొచ్చే చోటు, అంటే సంగమం. బ్రెటన్‌లో అది కెంపెర్, వెల్ష్‌లో కమెర్. ఫ్రాన్స్‌లో కెంపెర్ అనే సిటీ ఉంది, అక్కడ స్టైర్ నది ఓడె నదిలో కలుస్తుంది. స్కాట్లాండ్‌లో కంబర్‌నాల్డ్ ఉంది, గేలిక్‌లో దానర్థం ఏర్లు కలిసే చోటు.

ఇప్పుడు సంస్కృతంలో భృకి ముందు 'కలిపి' అనే అర్థంతో 'సం' పెట్టండి. సంభారం! పూజా సంభారాలు, వంట సంభారాలు అంటాం కదా, అన్నీ ఒక్కచోటికి మోసుకొచ్చి పెట్టుకున్న సామాన్లు. ముందు ముక్కలు రెండు భాషల్లో వేరువేరు, చేసే పని ఒకటే. మొదట్లో వంటింటి దాకా అన్నా కదా, అది ఇదే. మా అమ్మ పులిహోరకి సంభారాలు సర్దుకుంటుంటే నాకిప్పుడు ఫ్రాన్స్‌లో రెండు నదులు గుర్తొస్తాయి.

సరే, ఇంతవరకూ సరదా. ఇప్పుడు కాస్త సీరియస్.

అబెర్ వెల్ష్ గుంపు మాట, ఇన్వెర్ గేలిక్ గుంపు మాట. స్కాట్లాండ్ గేలిక్ మాట్లాడిన దేశం. మరి అబెర్డీన్ స్కాట్లాండ్‌లో ఎందుకుంది? అదీ ఉత్తరాన, వేల్స్‌కి అంత దూరంలో? ఆర్‌బ్రోత్ అనే ఊరుంది, 1320లో స్కాట్లాండ్ స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఊరు. దాని పాత పేరు అబెర్‌బ్రోతోక్. బ్రోతోక్ అనే ఏరు కలిసే చోటు. అక్కడ ఈ మాట వాడిందెవరు?

పిక్ట్‌లు. ఉత్తర, తూర్పు స్కాట్లాండ్‌లో రాజ్యాలు కట్టినవాళ్లు. రోమన్లని ముప్పుతిప్పలు పెట్టినవాళ్లు. బీడ్ అనే సన్యాసి 731లో పూర్తిచేసిన చరిత్రలో బ్రిటన్‌లో ఉన్న 5 భాషల్ని లెక్కపెట్టాడు. అందులో పిక్ట్‌ల భాష ఒకటి. అంతకుముందు 6వ శతాబ్దంలో ఐర్లాండ్ నుంచి కొలంబా అనే సాధువు వాళ్ల దగ్గరికి వెళ్తే, మాటలు అర్థం కాక మధ్యలో దుబాసీ కావాల్సొచ్చిందని ఆయన జీవిత చరిత్రలో ఉంది. అంటే అది గేలిక్ కాదు, వేరే భాష. తర్వాత గేలిక్ పెరిగింది, పిక్ట్‌ల భాష ఆగిపోయింది. వాళ్లు చెక్కిన రాళ్లున్నాయి, రాజుల పేర్ల జాబితా ఉంది. ఒక కథ లేదు, పాట లేదు, ఉత్తరం లేదు. మరి అది ఏ కుటుంబం భాషో ఎలా చెప్తారు? మిగిలిన పెద్ద ఆధారాల్లో ఊళ్ల పేర్లు ఒకటి. అందులో మన అబెర్ ఉంది. పిక్ట్‌ల భాష వెల్ష్‌కి దగ్గరి చుట్టం అని చెప్పడానికి ఆ చిన్న మాట సాక్ష్యం.

ఇక్కడ ఒకాయన నాలాగే తొందరపడ్డాడు. 1864లో ఐజక్ టేలర్ అనే ఇంగ్లీషాయన ఊళ్ల పేర్ల మీద 'వర్డ్స్ అండ్ ప్లేసెస్' అని పుస్తకం వేశాడు. స్కాట్లాండ్ మ్యాప్ మీద ఏటవాలుగా ఒక గీత గీయొచ్చు, కొన్ని మినహాయిస్తే గీతకి వాయవ్యంలో అన్నీ ఇన్వెర్‌లు, ఆగ్నేయంలో అన్నీ అబెర్‌లు అన్నాడు. వినడానికి ఎంత నీట్‌గా ఉందో కదా. షార్ట్స్‌కి పర్ఫెక్ట్ కంటెంట్.

కానీ మీరే గూగుల్ మ్యాప్స్ తెరిచి చూడండి. ఎడిన్‌బరోకి ఎదురుగా, నీళ్లకి అవతల ఫైఫ్ తీరం ఉంటుంది. అక్కడ అబెర్‌డౌర్ ఉంది. అదే తీరంలో కాస్త పడమరకి జరిగితే ఇన్వెర్‌కీథింగ్. రెండూ గీతకి ఒకే పక్క. అబెర్డీన్ దగ్గర్లో ఇన్వెరూరి. ఇటు వాయవ్యాన లోకాబెర్, అందులో అబెర్ ఉంది. పడమటి తీరంలో ఆపిల్‌క్రాస్ అనే ఊరుంది. ఆపిలూ కాదు, క్రాసూ కాదు. మేల్ రూబా అనే సన్యాసి 673లో అక్కడ మఠం కట్టాడని ఐరిష్ వార్షిక చరిత్రల్లో రాసి ఉంది, అందులో ఆ ఊరి పేరు అపోర్‌క్రోసన్. ఆ 'అపోర్' మన అబెరే. అర్థం తెలియని ఇంగ్లీష్ చెవులు దాన్ని ఆపిల్ చేశాయి.

అంటే గీత గీసినట్టు అటొకళ్లు ఇటొకళ్లు ఉండలేదు. ఒకే నేల మీద ముందు ఒక భాష, తర్వాత ఇంకో భాష. మధ్యలో రెండూ తెలిసిన తరాలు. ఫైఫ్‌లోనే ఒక చోటు గురించి 12వ శతాబ్దంలో డేవిడ్ రాజు ఇచ్చిన దానపత్రంలో, ఇన్వెరిన్, ఒకప్పటి అబెరిన్ అనే అర్థంలో రాశారు. అదే ఏరు, అదే ముఖద్వారం. పేరు మాత్రం ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారింది. ఆ రాసినాయన పాత పేరు ఎందుకులే అని కొట్టేసి ఉంటే మనకి ఈ సంగతి తెలిసేది కాదు.

అన్నిచోట్లా అలా మార్చలేదు కూడా. అబెర్డీన్‌ని గేలిక్‌లో 'ఓబర్' అని మొదలుపెట్టి పలుకుతారు. అంటే కొత్తగా వచ్చిన భాషవాళ్లు పాతవాళ్ల మాటని, తమ దగ్గర ఇన్వెర్ ఉన్నా, అలాగే ఉంచుకున్నారు.

నాకు ఈ కథలో నచ్చింది ఇదే. ఒక భాష మొత్తం పోయింది. అందులో జోలపాట ఎలా ఉండేదో, తిట్టు ఎలా ఉండేదో ఎవరికీ తెలీదు. కానీ 'నీళ్లు ఇక్కడికి మోసుకొస్తాయి' అన్న ఒక్క మాట నిలబడింది. పలకడానికి కష్టంగా ఉందని తీసేయకుండా, తర్వాత వచ్చినవాళ్లు పలుకుతూ ఉన్నారు కాబట్టి నిలబడింది. అలాంటి మాటకి నా స్క్రిప్ట్ ఎర్ర రంగు కొట్టింది.

ఆ ప్రాజెక్ట్‌లో చివరికి ఏం చేశానంటే, ఊరికి ఒకే పేరుండాలన్న రూల్ తీసేశా. ఒక ఊరు, రెండు పేర్లు, రెండూ వాలిడ్. కోడ్‌లో చిన్న మార్పే. ఆవిడకి సారీ మెయిల్ కూడా పెట్టా. "పర్లేదు, ఇప్పుడు మీకు మా నది పేరు కూడా తెలుసు" అని జవాబిచ్చారు.

మరి మీ వైపు? మన తీరంలో జాలర్లు నది సముద్రంలో కలిసే చోటుని 'మొగ' అంటారు. మీ ఊళ్లో ఏమంటారు? ఏర్లు రెండు కలిసే చోటుకి మీ అమ్మమ్మ, తాతయ్య వాడే మాట ఏదైనా ఉందా? స్పెల్లింగ్ ఎలా రాయాలో తెలియకపోయినా పర్లేదు, వాళ్లు పలికినట్టే కామెంట్‌లో రాయండి. నేను ఎర్ర రంగు కొట్టను, ప్రామిస్.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.