తీగ క్రింద మ్రాను

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలోను, కొల్లేటి లంక గ్రామాలలోను ఈ ప్రసంగము వింటున్న మీతో నేడు మందిరపు వాద్యములను గూర్చి మాట్లాడాలని ఆశపడుచున్నాను.

సొలొమోను తనకు వచ్చిన చందనపు మ్రానులతో గాయకులకు సితారాలు చేయించిన సంగతి మొదటి రాజుల గ్రంథము 10వ అధ్యాయములో చదువుతాము. బంగారానికి కొదువలేని రాజు! అయినా వాద్యానికి కావలసింది మ్రాను. ఎందుకంటే తీగ ఒంటరిగా పాడలేదు. గోడకు రెండు మేకులు కొట్టి, మధ్య తీగ బిగించి మీటి చూడండి. చాలాసేపు అదురుతుంది గాని ప్రక్క గదిలోనివారికి వినబడదు. సన్నని తీగ గాలిని కదిలించలేదు, వెడల్పైన పలక కదిలించగలదు.

నూజివీడు వీణ మీకు తెలుసు కదా. 2022 నుండి నూజివీడు మన ఏలూరు జిల్లాలోనే ఉన్నది. అక్కడివారు పనస కర్రతో వీణ చేస్తారు. కుండను కప్పిన పలక మీద గుర్రం నిలబడుతుంది, తీగలు దాని మీదుగా పోతాయి. గుర్రం పైన కొంచెం వంపుగల లోహపు రేకు ఉంటుంది. అదిరే తీగ ఆ వంపును ఒరుసుకుంటూ పోవుటవలననే వీణకు ఆ నిండుదనము.

పియానోలో గుర్రం స్థానములో ఉన్నదానిని బ్రిడ్జి అంటారు, పలకను సౌండ్‌బోర్డు అంటారు. సుమారు 230 తీగలు. వాటి లాగుడు అంతా కలిపితే దాదాపు 18 టన్నులు. ఆ పలక మాత్రము సెంటీమీటరు మందము కూడా ఉండని స్ప్రూస్ చెక్క! వెనుక అడ్డబద్దలు అతికి, నడుమ కొద్దిగా ఉబ్బుగా ఉంచుతారు.

ఇక్కడే చేసేవాని నేర్పు. సుత్తి తీగను తాకేది ఒక్క క్షణము. ఆ దెబ్బతో వచ్చిన శక్తే ఉన్నదంతా, మరల ఎవరూ పోయరు. పలక పలుచనై, బ్రిడ్జి సులువుగా లొంగితే శబ్దము గట్టిగా వచ్చి వెంటనే ఆగిపోతుంది. బరువుగా, బిర్రుగా ఉంటే నాదము నిలుస్తుంది గాని మెల్లగా వినబడుతుంది. రెండూ నిండుగా కావాలంటే కుదరదు. మన మందిరాలలో లౌడ్‌స్పీకరు పెంచినంత తేలిక కాదండి!

మిచిగన్ విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర ఆచార్యుడు గేబ్రియెల్ వైన్‌రైక్ 1977లో దీనిని గూర్చి ఒక వ్యాసము ప్రచురించారు. తరువాత ఆయన ఎపిస్కోపల్ సంఘములో గురువు కూడా అయ్యారు. పియానోలో చాలా స్వరాలకు మూడేసి తీగలుంటాయి. దెబ్బ పడగానే మూడూ కలిసి బ్రిడ్జిని నెట్టుతాయి, అప్పుడు శబ్దము పెద్దది, శక్తి త్వరగా ఖర్చవుతుంది. శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉండుటచేత కాసేపటికి ఒకటి పైకి లాగితే మరొకటి క్రిందికి లాగుతుంది. బ్రిడ్జి దాదాపు కదలదు. మిగిలిన శక్తి నెమ్మదిగా బయటికి వస్తుంది. ప్రార్థనకు ముందు చివరి స్వరము మందిరములో తేలుతూ ఉండేది ఆ మిగులే.

కొల్లేటి ప్రాంతపు సంఘాలకు ఒక మాట. వానాకాలపు తేమకు పలక ఉబ్బి బ్రిడ్జిని పైకి నెట్టుతుంది, శ్రుతి పెరుగుతుంది. మే నెల వడగాలికి ఎండి దిగుతుంది. ఆదివారము మాత్రమే ఏసీ వేసి మిగతా ఆరు దినాలు మూసివేయుట వాద్యానికి మంచిది కాదు. కిటికీ ప్రక్కన అసలే పెట్టకండి.

మీ మందిరములో పాత పియానో ఉండి, పలకలో చీలిక కనబడితే, అది చచ్చిందని కమిటీలో తొందరపడి తీర్మానించకండి. చీలిక ఒక్కటే స్వరాన్ని చంపదు. అడ్డబద్ద ఊడితే గరగర వస్తుంది, దానిని మరల అతికించవచ్చు. బ్రిడ్జి మేకుల దగ్గర పగిలి, మేకులు వదులైతే స్వరము మొద్దుబారుతుంది, అది పెద్ద మరమ్మతు. గోడవైపు నిలబెట్టే పియానో అయితే ముందుకు జరిపి, వెనుక పొడవైన అడ్డబద్ద మీదుగా ఈ చివరనుండి ఆ చివరకు నూలుదారము బిగించి పట్టండి. నడుమ దారానికీ బద్దకూ మధ్య కొంచెం సందు కనబడితే ఆ పలకలో ఇంకా ఉబ్బు ఉన్నది. శ్రుతి చేసేవారిని పిలిపించండి.